మునసబు మాస్టారు

మా ఊళ్ళో పెళ్ళి శుభలేఖల మీద ఇప్పటికీ ‘మునసబు గారి బజారు’ అని అచ్చు వేయిస్తారు. ఆ బజార్లో మునసబూ లేడు, మునసబు ఇల్లూ లేదు. ఇల్లు పడగొట్టిన జాగాలో మిరపకాయల టిక్కీలు దించుకునే రేకుల షెడ్డు లేచింది. కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్ళు మునసబు అంటే ఎవరిదో ఇంటిపేరనుకుంటున్నారు. 1984 జనవరి 6న ఒక్క ఆర్డినెన్సుతో పోయిన ఉద్యోగం అది. మా ఊళ్ళో ఆ ఉద్యోగం చేసిన ఆఖరి మనిషి మా తాతయ్య. అంతకుముందు ఆయన బడిపంతులు.

ఊరెక్కడుందో చెప్పడం కొంచెం కష్టం. పర్చూరు వైపు, నల్లరేగడి నేల. నేను పుట్టినప్పుడు గుంటూరు జిల్లా. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్ళింది. రెండేళ్ళకి ఆ జిల్లాకి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. ఊరు మాత్రం అంగుళం కదల్లేదు. వానపడితే చెప్పు మట్టికీ కాలు చెప్పుకీ అంటుకుపోయే ఆ రేగట్లో కదలడం ఎవరి తరం!

మునసబు అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకి చెప్పాలంటే నాలుగైదు ఆఫీసులు ఒకే అరుగు మీద కూర్చున్నాయని చెప్పాలి. శిస్తు వసూలు ఆయనదే. ఖూనీ జరిగినా, కన్నం పడినా, బావిలో శవం తేలినా స్టేషనుకి రిపోర్టు రాసేది ఆయనే. పుట్టుకలూ చావులూ రిజిస్టర్లో ఎక్కించేదీ, సర్కారు హుకుం ఏదైనా వస్తే తలారి చేత టముకు వేయించేదీ ఆయనే. అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ఇదంతా విని, ‘అయితే ముత్తాత గారు కౌంటీ షెరీఫన్న మాట’ అన్నాడు. కొంతవరకు నిజమే. అక్కడ వెస్ట్ వర్జీనియాలో ఇవాళ్టికీ కౌంటీ పన్నులు వసూలు చేసేది షెరీఫే. కాకపోతే వాళ్ళ షెరీఫుని జనం ఓట్లేసి గెలిపిస్తారు. మా వైపు మునసబు కడుపున పుట్టినవాడు మునసబు.

ఈ ఏర్పాటుకి చట్టం రూపమిచ్చింది మద్రాసు ప్రభుత్వపు 1816 రెగ్యులేషన్లు. వాటి వెనక ఉన్నది థామస్ మన్రో. నాలుగో రెగ్యులేషన్ ప్రకారం పది రూపాయల లోపు దావాలు మునసబు తీర్చవచ్చు. పదకొండో రెగ్యులేషన్ ఆయనకి పోలీసు అధికారం ఇచ్చింది. బూతులు తిట్టుకున్నా, చిన్నపాటి కొట్లాటలకి దిగినా పన్నెండు గంటల దాకా చావడిలో కూర్చోబెట్టవచ్చు. అదే తప్పు ‘తక్కువ కులాల’ వాళ్ళు చేస్తే ఆరు గంటల దాకా బొండ వేయించవచ్చు. ఒకడికి చావడి నీడ, ఇంకొకడికి కొయ్య బెజ్జాల్లో కాళ్ళు. ఇది ఊరి పెద్దలు చాటున చేసిన పని కాదు, సర్కారు అచ్చు వేయించిన శాసనం. మా తాతయ్య నాటికి బొండ లేదు. చావడి వెనక రెండు బెజ్జాలున్న నల్లతుమ్మ మొద్దు ఒకటి పడి ఉండేది. పిల్లలం దాని మీద ఎక్కి బండి తోలే ఆట ఆడేవాళ్ళం. ఆ బెజ్జాలు ఎందుకో మాకెవరూ చెప్పలేదు. మాలపల్లె నుంచి వచ్చే పిల్లలు మాత్రం దాని మీద కూర్చునేవాళ్ళు కాదు. వాళ్ళకి ఎవరో చెప్పే ఉంటారు.

మా వైపు కరణాలు ఎక్కువగా నియోగి బ్రాహ్మలు, మునసబులు ఊళ్ళో భూమి ఎక్కువున్న రైతు కులం వాళ్ళు, తలార్లూ వెట్టివాళ్ళూ దళితులు. ఊరి కుల వరసకే సర్కారు జీతమిచ్చి రబ్బరు స్టాంపు చేతికిచ్చిందన్న మాట. భూమి లెక్కంతా కరణం గారిది. అడంగలు, చిట్టా, ఎఫ్.ఎం.బి. పటాలు, పోరంబోకుల జాబితా ఆయన దఫ్తరంలో ఎర్రగుడ్డ మూటల్లో ఉండేవి. ఎవరి గట్టు ఎవరి పొలంలోకి ఎన్ని లింకులు జరిగిందో ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. చుట్టుపక్కల ఊళ్ళలో చాలామంది మునసబులు కరణం వేలు చూపించిన చోటల్లా చేవ్రాలు చేసేవాళ్ళు. అంచేత తాతయ్య మునసబు అయిన రోజు మా కరణం గారికి గుండెల్లో రాయి పడిందని నాయనమ్మ నవ్వుతూ చెప్పేది. చదివి గానీ సంతకం పెట్టని మనిషి వచ్చి పడ్డాడు మరి.

అసలు ఆయన మునసబు కావలసినవాడు కాదు. ఇంట్లో రెండోవాడు. పెద్దవాడికి పదవి, రెండోవాడికి చదువు అని ముందే పంపకాలైపోయాయి. ఎనిమిదో తరగతి పబ్లిక్ పరీక్ష ఇ.ఎస్.ఎల్.సి. ప్యాసై, ట్రైనింగ్ పూర్తి చేసి, డిస్ట్రిక్ట్ బోర్డు బళ్ళో పంతులయ్యాడు. బడంటే తాటాకు పాక. ఒకటో తరగతికి నేలంతా ఇసుక, రెండో తరగతి నుంచి పలక. పత్తి తీతలు మొదలైతే బడి సగం ఖాళీ, మిరపకాయ కోతలకి మిగతా సగమూ ఖాళీ. ఇన్‌స్పెక్టరు గారు హాజరు పట్టీ చూసి కేకలేస్తారని, ఆ రోజుల్లో తెల్లారకముందే బడి పెట్టేవాడట. పిల్లలు ఎక్కాలు అప్పజెప్పి, అక్కణ్ణించే ఒళ్ళో సంచులు కట్టుకుని పొలానికి పోయేవాళ్ళు. మిరపకాయలు తొడిమ తీసి వచ్చిన పిల్లలు ఆ చేతుల్తో కళ్ళు నులుముకుని ఏడుస్తుంటే, ముందు చేతులకి నూనె రాయించి తర్వాత పాఠం చెప్పేవాణ్ణనేవాడు.

యాభైల నడుమ పెదతాతయ్య ఉన్నట్టుండి పోయాడు. ఆయన కొడుకు ఇంకా మైనరు. 1895 నాటి వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం కింద ఇలాంటప్పుడు పేరు మైనరుది, పని డిప్యూటీది. ఇంటి పెద్దలు కూర్చుని పంతులుగిరీకి రాజీనామా ఇప్పించి తాతయ్యని డిప్యూటీ మునసబుగా నిలబెట్టారు. ఆయనకి ఇష్టం లేదు. బడి జీతమే అంతంత మాత్రం, మునసబు జీతం అంతకన్నా కనాకష్టం. కానీ పదవి బయటివాళ్ళ చేతికి పోతే దాంతోపాటు చావడి అరుగూ పోతుందన్నది ఇంట్లోవాళ్ళ భయం. జీతం కోసం మునసబు పని చేసినవాణ్ణి నేను చూడలేదు.

1960 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. కేసు మా జిల్లాదే, తెనాలి తాలూకా పెరవలిపాలెం మునసబు పదవి గురించి. గాజుల దశరథ రామారావు అనే ఆయన నేరుగా ఢిల్లీకి వెళ్ళి, ఫలానా వంశంలో పుట్టాడని ఒకడికి సర్కారు ఉద్యోగం ఇవ్వడం రాజ్యాంగం 16వ అధికరణానికి విరుద్ధం అని గెలిచాడు. తాతయ్య ఆ వార్తని పత్రికలో చూసి చావడిలో పెద్దగా చదివి వినిపించాడని చెబుతారు. విన్నవాళ్ళలో ఆ వంశం వాళ్ళే ఎక్కువ. ఎవరూ ఏమీ అనలేదట. ఈలోగా మా పెదనాన్న, అంటే ఆ మైనరు, పెద్దవాడై ఇంజనీరింగు చదివి ఊరు దాటిపోయాడు. కొత్త రూల్సు వచ్చాక చదువుకున్నవాడన్న లెక్కలోనే తాతయ్యని సొంత పేరున వేశారు. వంశం వల్ల దొరికింది చదువు వల్ల నిలబడింది.

శిస్తు కిస్తులు సంక్రాంతి దాటాక మొదలయ్యేవి. పత్తి అమ్ముడై, మిరపకాయలు కళ్ళాల్లో ఎండుతుండే కాలం. ఊరు చుట్టూ నేలంతా ఎర్ర దుప్పటి పరిచినట్టుండేది. గాలి తిరిగితే ఊరు ఊరంతా తుమ్మేది. ఆ ఘాటులోనే తలారి ఇంటింటికీ తిరిగి ‘చావడికి రమ్మన్నారు’ అని చెప్పేవాడు. వచ్చినవాళ్ళకి తాతయ్య రశీదు రాసిచ్చి, అది వాళ్ళ చేతే చదివించేవాడు. అది పంతులు బుద్ధి. ‘ఎంతని ఉంది?’ ‘పదకొండు రూపాయలండి.’ ‘పక్కన?’ ‘నాలుగణాలండి.’ చదవలేనివాళ్ళకి ముఖం వాచేట్టు చీవాట్లు. అణాలు పోయి పైసలొచ్చి ఏళ్ళు గడిచినా ఆ సంభాషణ చావడిలో అణాల్లోనే నడిచేది.

కట్టనివాళ్ళ ఇంటికి జప్తు. ఇత్తడి బిందెలు, గేదెలు, ఏమీ లేకపోతే తలుపు రెక్కలు. ఈ జప్తు మాట వచ్చినప్పుడల్లా మా ఇంట్లో పెదనందిపాడు కథ వచ్చేది. 1921 చివర్లో ఆ ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి గారి వెనక నిలబడి పన్ను కట్టం అన్నారు. చుట్టుపక్కల మునసబులూ కరణాలూ మూకుమ్మడిగా రాజీనామాలిచ్చారు. సర్కారు మిలిటరీని దించింది. జప్తు చేసిన గొడ్లని వేలం వేస్తే పాడేవాడు లేకపోయాడు. 1922 ఫిబ్రవరిలో గాంధీగారు ఉద్యమం ఆపేశాక అంతా చల్లబడింది. మా తాతయ్య తండ్రి కూడా రాజీనామా ఇచ్చినవాళ్ళలో ఒకడు. ఈ సంగతి మా ఇంట్లో గొంతెత్తి చెప్పేవాళ్ళు. ఆ తర్వాత అర్జీ పెట్టుకుని మళ్ళీ పదవిలో చేరిన సంగతి గొంతు తగ్గించి చెప్పేవాళ్ళు.

తాతయ్య జప్తుకి వెళ్ళవలసిన ముందు రాత్రి తలారిని పిలిచి, ‘రేపు పొద్దున రెవిన్యూ ఇన్‌స్పెక్టరు గారొస్తున్నారని ఫలానా ఇంట్లో చెప్పి రా’ అనేవాడు. తెల్లారేసరికి ఆ ఇంట్లో బిందెలు మేనమామ గారింటికి చేరేవి, గేదె పక్కూరు పోయేది. ఇన్‌స్పెక్టరు గారికీ ఇది తెలుసు. అందరూ కలిసి ఆడే నాటకం. నేను పెద్దయ్యాక ఆలోచిస్తే తట్టింది: ఆ కబురు అన్ని ఇళ్ళకీ వెళ్ళేది కాదు. బజార్లో రైతుల ఇళ్ళకి వెళ్ళేది, తన దగ్గర చదువుకున్న కుర్రాళ్ళ ఇళ్ళకి వెళ్ళేది. మాదిగపల్లెకి, ఎరుకల గుడిసెలకి వెళ్ళిన గుర్తు ఎవరికీ లేదు.

పోలీసు పని విషయానికొస్తే, స్టేషను రెండు క్రోసుల దూరం. మధ్యలో వాగు. వానాకాలంలో జమేదారు గారు రావాలంటే వాగు తీయాలి. అందాకా ఊరికి పోలీసు, మేజిస్ట్రేటు మునసబే. డెబ్బైల మొదట్లో, మిరపకాయ రెండో కోత రోజుల్లో, ఇంకా తెల్లారకముందు మా తలుపు కొట్టారు. నేను నాయనమ్మ పక్కన నులకమంచం మీద ఉన్నాను. తాతయ్య లాంతరు ఎత్తి తలుపు తీస్తే ఎదురుగా పాతికేళ్ళ మనిషి. చేతిలో గండ్రగొడ్డలి.

‘మాస్టారూ, నరికేశానండి.’

ఎవరినని తాతయ్య అడగలేదు. అతనికి తన పెదనాన్న కొడుకుతో గట్టు తగాదా ఏళ్ళ తరబడి నలుగుతున్నదే. అంతకు కొద్దిరోజుల ముందు ఇద్దరినీ చావడిలో కూర్చోబెట్టి సర్దిచెప్పి పంపాడు కూడా.

‘ప్రాణం ఉందా?’

‘లేదండి.’

‘గొడ్డలి గోడకి ఆనించి అరుగు మీద కూర్చో. చేతులు కడుక్కోకు.’

నాయనమ్మ చెంబుతో మంచినీళ్ళు తెచ్చి, అతను తల పైకెత్తితే గొంతులో పోసింది. తాతయ్య లోపలికొచ్చి మొదట గోడ గడియారం చూశాడు. ఎందుకో నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. మద్రాసు కాలం నాటి క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీసులో 72వ రూలని ఒకటుంది. పోలీసు దర్యాప్తు మొదలయ్యాక ముద్దాయి చెప్పే మాటని గ్రామ మేజిస్ట్రేటు కాగితం మీద పెట్టకూడదు. మొదలవకముందు రాస్తే చెల్లుతుంది. ఒక ప్రాణం ఆ గడియారపు ముల్లు మీద ఆధారపడి ఉంటుందన్న మాట. కాగితం పైన టైము వేసి రాయడం మొదలుపెట్టాడు. అతను చెబుతున్నాడు, ఈయన రాస్తున్నాడు. ‘మెల్లిగా చెప్పు’ అని మాత్రం రెండు మూడుసార్లు అన్నాడు, డిక్టేషన్ చెప్పేటప్పటి గొంతుతో. రాసింది చదివి వినిపించాక తలారి అలవాటుగా స్టాంపు ప్యాడు ముందుకు జరిపాడు. తాతయ్య దాన్ని పక్కకి నెట్టి కలం ఇచ్చాడు.

‘వాడికి సంతకం వచ్చు.’

అచ్చు ఫారాల్లో రెండు రిపోర్టులు, ఒకటి స్టేషనుకి, ఒకటి మేజిస్ట్రేటు కోర్టుకి, తలారి చంకన పెట్టుకుని వాగు దాటాడు. పోలీసులు వచ్చేదాకా ముగ్గురూ అరుగు మీదే ఉన్నారు. మూడోది గొడ్డలి.

సెషన్స్ కోర్టులో డిఫెన్సు వకీలు తాతయ్యని బోనులో చాలాసేపు నిలబెట్టాడట. ‘ముద్దాయి మీ పూర్వ విద్యార్థే కదా, ఈ స్టేట్‌మెంట్లో వాక్యాలు ముద్దాయివా, పంతులు గారివా?’ అని అడిగాడు. ‘మాటలు అతనివి. దీర్ఘాలు నావి’ అన్నాడట తాతయ్య. కోర్టు హాలు నవ్విందంటారు. యావజ్జీవం పడింది. అప్పటినుంచి ఆ ఇంటివాళ్ళు ఆయన్ని మాస్టారూ అనడం మానేసి మునసబు గారూ అనడం మొదలుపెట్టారు.

ఊళ్ళో ఆయన్ని ఎవరు ఏమని పిలుస్తారో గమనిస్తే ఎవరికి ఆయనతో ఏ పని పడిందో తెలిసిపోయేది. అక్షరం నేర్చుకున్నవాళ్ళు మాస్టారు అనేవాళ్ళు. అక్షరానికి భయపడ్డవాళ్ళు మునసబు గారనేవాళ్ళు. బడిలో ఉన్నన్నాళ్ళు రాతని నలుగురికీ పంచిపెట్టడం ఆయన పని. చావడికొచ్చాక ఆ పంచగా మిగిలిన లోటే ఆయన బలమైంది. ఊళ్ళో అందరికీ రాయడం వచ్చి ఉంటే మునసబుతో ఏం పని? ఈ మాట నేనంటున్నాను గానీ ఆయన ఏనాడూ అనలేదు. అనుకున్నాడో లేదో.

ఒక ముచ్చట. బళ్ళో పిల్లల్ని చేర్చుకునేటప్పుడు పుట్టినరోజు ఏ తల్లిదండ్రులూ చెప్పలేకపోయేవాళ్ళు. ‘పెద్ద గాలివాన వచ్చిన ఏడు’, ‘మా ఎర్రావు ఈనిన రెండో నెల’ అనేవాళ్ళు. పిల్లవాడి చెయ్యి తల మీదుగా అవతలి చెవికి అందితే అయిదేళ్ళని లెక్కగట్టి, జూలై 1 అని ఏదో ఒక సంవత్సరం వేసేసేవాడు. మా ఊళ్ళో ఒక తరం తరమంతా జూలై 1నే పుట్టింది. మునసబయ్యాక జనన మరణాల రిజిస్టర్లు ఆయన చేతికొచ్చాయి. అన్నగారి చేతిరాతలో అసలు తేదీలన్నీ అందులో ఉన్నాయి. తను పంతులుగా కల్పించిన పుట్టినరోజు ఒక చేతిలో, అన్న మునసబుగా రాసిన పుట్టినరోజు ఇంకో చేతిలో. ఉద్యోగాలకి వెళ్ళే కుర్రాళ్ళు సర్టిఫికెట్ కోసం వస్తే, ‘ఏది కావాలిరా?’ అని అడిగేవాడు. అందరూ రెండేళ్ళు చిన్నదే కావాలనేవాళ్ళు. ఇచ్చేవాడు కాదు. రిజిస్టర్లో ఉన్నదే రాసిచ్చేవాడు. తిట్టుకుంటూ పోయేవాళ్ళు.

సాగర్ కుడి కాలువకి 1967లో నీళ్ళు వదిలాక మా చివరి భూములకి నీళ్ళు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలిసేది కాదు గానీ, ఆశ మాత్రం వచ్చింది. ఎర్రపత్తి పోయి హైబ్రిడ్ పత్తి వచ్చింది. గుజరాత్‌లో పుట్టిన హెచ్-4, ఆ వెనకే వరలక్ష్మి. మిరపలో లాం ఫారం వంగడాలొచ్చాయి. వాటితో మందు డబ్బాలొచ్చాయి. తాతయ్య రాసిన అసహజ మరణాల రిపోర్టులు ఒక కట్టగా ఉండేవి. పాత వాటిలో బావి, ఉరితాడు, పాము. డెబ్బైల నుంచి పేజీ తిప్పితే ఎండ్రిన్, ఎండ్రిన్, ఎండ్రిన్. దిగుబడి లెక్కలు వ్యవసాయ శాఖ దగ్గర ఉంటాయి. ఆ కాలంలో పల్లెటూరి కాపురాల్లో ఏం జరిగిందో తెలియాలంటే మునసబుల రిపోర్టులు చదవాలి. ఎక్కడున్నాయో ఇప్పుడు!

మా తలారి గురించి చెప్పకుండా ఇదంతా పూర్తి కాదు. భుజాన ఇత్తడి బిళ్ళ పట్టీ, చేతిలో తన కంటే పొడుగున్న కర్ర. ఊళ్ళో ఏ మూల ఎవరు దగ్గినా ఆయనకి తెలిసేది. మునసబుల పేరు మీద నడిచిన పోలీసుతనం అసలు నడిచింది ఈ తలారుల కాళ్ళ మీద. మా పెదతాతయ్య నాటికి, నేరస్థ జాతుల చట్టం కింద పేర్లెక్కిన ఎరుకలవాళ్ళని అర్ధరాత్రి లేపి హాజరు వేసుకునే పని కూడా ఉండేది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది ఆ చట్టం నీడలోనే. మద్రాసు రాష్ట్రం 1947లో ఆ చట్టాన్ని ఎత్తేసింది గానీ, దొంగతనం జరిగితే మొదట ఎవరి గుడిసె తడకలు ఊడదీయాలన్న అలవాటు ఎత్తేయలేదు. ఆ అలవాటు తాతయ్యకీ ఉండేది.

తలారి కొడుకు తాతయ్య దగ్గరే చదువుకున్నాడు. బళ్ళో అందరితో ఒకే చాప మీద కూర్చోబెట్టాడని, దానికి బజార్లో రైతులు గొడవ చేస్తే వినలేదని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్ళం. అదే మనిషి చావడికొచ్చాక ఆ పిల్లవాడి తండ్రి పాతికేళ్ళకి పైగా అరుగు కింద నిలబడే మాట్లాడాడు. ఎక్కమని ఈయన అనలేదు, ఆయన ఎక్కలేదు. పైగా చావడి పనితో పాటు మా గొడ్లకి నీళ్ళు తోడటం, మా కళ్ళం కాపలా కూడా ఆయనవే.

ఎనభై దాటాక అనుకుంటాను, తాశీల్దారు ఆఫీసుకి ఒక ఆకాశరామన్న అర్జీ వెళ్ళింది. మునసబు గారు తలారి చేత సొంత పనులు చేయించుకుంటున్నారని. సర్కారు పద్ధతి ఎంత చక్కనిదంటే, మునసబు మీద వచ్చిన అర్జీ రిమార్కుల కోసం మునసబుకే వచ్చింది. తాతయ్య కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. ‘ణ’ తోక కిందికి లాగి కొసన మెలిక తిప్పడం ఆయన బడి రాత. ఆ మెలిక ఊళ్ళో చాలామందికి ఉంది, కానీ ఈ చెయ్యి ఎవరిదో ఆయనకి తెలుసు. ‘విచారించగా ఆరోపణలు నిరాధారమని తేలినది’ అని రిమార్కు రాసి పంపేశాడు. ఎవరైనా అదే రాస్తారు. భోజనం దగ్గర మాత్రం, ‘ఎక్కడా ఒక్క తప్పు లేదే’ అన్నాడు నాయనమ్మతో. మర్నాడు గొడ్లకి నీళ్ళు తోడటానికి తలారి వస్తే, వద్దని పంపించి మమ్మల్ని తోడమన్నాడు. నీళ్ళు తోడటం ఎంత కష్టమో మా చేతులకి ఆ వారం తెలిసింది.

ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రి అయిన ఏడాదికి ఆర్డినెన్సు వచ్చింది. అప్పటికి తమిళనాడులో ఎం.జి.ఆర్. 1980లోనే ఈ పని చేసి ఉన్నాడు కాబట్టి తెలిసినవాళ్ళకి ఆశ్చర్యం లేదు. రేడియోలో ప్రాంతీయ వార్తల్లో విన్నాం. మునసబులు, కరణాలు, తెలంగాణలో పటేళ్ళు, పట్వారీలు, అందరూ ఒక్కసారిగా మాజీలయ్యారు. సంక్రాంతి సందడిలోనే రికార్డుల స్వాధీనం. రెవిన్యూ ఇన్‌స్పెక్టరు ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. తాతయ్య అప్పటికే అన్నీ వరుసగా పేర్చి జాబితా రాసి ఉంచాడు: రశీదు పుస్తకాలు, కిస్తుబందీ రిజిస్టరు, జనన మరణాల పుస్తకాలు, రబ్బరు స్టాంపు, ఇత్తడి ముద్ర. జాబితాకి రెండు కాపీలు, రెండో దాని మీద ఇన్‌స్పెక్టరు సంతకం. కరణం గారింట్లో మాత్రం మూటలు దొరకడానికి చాలా రోజులు పట్టింది. దఫ్తరంలో కొన్ని పటాలు ఎలుకలు కొట్టేశాయన్నారు. ఎలుకలకి ఏ సర్వే నంబర్లు రుచో ఊళ్ళో అందరికీ తెలుసు.

గ్రామోద్యోగుల సంఘం కోర్టుకి వెళితే తాతయ్య చందా ఇచ్చాడు. 1985లో సుప్రీంకోర్టు, టి. వెంకటరెడ్డి కేసులో, ఆర్డినెన్సు చెల్లుతుందని తేల్చేసింది. అదే ఏడు జూలై 17న, మాకు కూతవేటు దూరంలో కారంచేడు దళితుల హత్యాకాండ జరిగింది. మునసబులుంటే అది జరిగేది కాదని మా బంధువుల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ అంటారు. నేను నమ్మను. మంచినీళ్ళ చెరువు దగ్గర ఒక మాదిగ స్త్రీ ఎదురు మాట్లాడటాన్ని భరించలేకపోవడంతో మొదలైంది ఆ హత్యాకాండ. అరుగు మీద ఎవరు కూర్చోవాలి, కింద ఎవరు నిలబడాలి అన్నదాన్ని నూట అరవై ఏళ్ళకి పైగా కాపలా కాసినవాళ్ళు దాన్ని ఆపేవాళ్ళంటే ఎలా నమ్మను? తాతయ్య ఆ వారమంతా పత్రిక మడత విప్పలేదు.

ఆ తర్వాత తెల్లదోమ వచ్చి పత్తిని పీల్చేసింది. 1987-88లో శనగపచ్చ పురుగు మిగిలింది కూడా తినేసింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతుల ఆత్మహత్యలు మొదటిసారి పత్రికల మొదటి పేజీకి ఎక్కాయి. అప్పటికి రిపోర్టు రాయడానికి ఊళ్ళో మునసబు లేడు. మండలాలొచ్చాయి, కొత్త ఉద్యోగులొచ్చారు, పేర్లు మారాయి. అయినా బ్యాంకు నోటీసు పట్టుకుని, వాయిదా కాగితం పట్టుకుని జనం పొద్దున్నే మా అరుగు దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆయన చదివి చెప్పేవాడు, జవాబు రాసిచ్చేవాడు. సంతకం చెయ్యమంటే మాత్రం ‘నా సంతకం చెల్లదురా, నీది చెయ్యి’ అనేవాడు. తొంభైల్లో పోయాడు. మరణ ధ్రువపత్రానికి నాన్న మూడుసార్లు మండలాఫీసుకి తిరిగాడు.

2019 అక్టోబరు 2 నుంచి ఊళ్ళో గ్రామ సచివాలయం ఉంది. సర్వేయరు, వ్యవసాయం అమ్మాయి, మహిళా పోలీసు, అందరూ పరీక్షలు రాసి వచ్చిన పిల్లలు. మునసబూ కరణం కలిసి చేసిన పనిని ఇప్పుడు పదిమంది చేస్తున్నారు, అందరూ కుర్చీల్లోనే కూర్చుంటున్నారు, వచ్చినవాళ్ళకీ కుర్చీలేస్తున్నారు. తలారి మనవరాలు పక్క మండలంలో అలాంటి ఉద్యోగంలోనే ఉంది.

పోయినేడు మా రెండెకరాల పాలు పంచుకోవడానికి కాగితాలు తీయించాం. కంప్యూటర్లో ఎక్కిన పట్టాలో భూమి ఇంకా తాతయ్య పేరు మీదే ఉంది, పేరులో ఒక దీర్ఘం ఎగిరిపోయింది. సవరణకి అర్జీ పెట్టాం. ఆధార్ అడిగారు. ఆధార్ పుట్టకముందే పోయిన మనిషండీ అంటే, పుట్టినతేదీ ధ్రువపత్రమైనా తెమ్మన్నారు. అది ఆయన అన్నగారు కాదు, వాళ్ళ నాన్నగారు రాసి ఉండాలి. ప్రస్తుతానికి స్కూలు సర్టిఫికెట్ నకలు ఒకటి దొరికింది. అందులో జూలై 1 అని ఉంది.